గుమ్మం దగ్గర సరుకులు దింపించుకునేటప్పుడు ఏం చూడాలి, ఏం వదిలేయాలి?

అమలాపురం టీచర్:

నమస్తే అండీ. మాది అమలాపురం. నేను స్కూల్ టీచర్ని, పొద్దున్న వెళ్తే సాయంత్రం దాకా ఇంటికి రాను. మావారి ఉద్యోగం కాకినాడలో, రోజూ ఎదుర్లంక వంతెన మీదుగా వెళ్లొస్తారు. పగలంతా ఇంట్లో ఉండేది మా అత్తగారొక్కరే. డెబ్బై దాటాయి. మోకాళ్లు మొరాయిస్తున్నాయి గానీ నోరూ, చూపూ, లెక్కా అన్నీ దివ్యంగా ఉన్నాయి.

నెల సరుకులూ, మధ్యలో కావాల్సిన చిల్లర మల్లరా ఊళ్లోని ఒక సూపర్ మార్కెట్ నుంచి తెప్పిస్తున్నాం. వాట్సాప్‌లో లిస్టు పెడితే మధ్యాహ్నం పన్నెండుకీ రెండుకీ మధ్య ఒక కుర్రాడు ఎక్సెల్ బండి మీద తెచ్చిస్తాడు. వాళ్లతో నాకు పెద్ద పేచీ లేదు. పేచీ అంతా మా గుమ్మం దగ్గరే. సెలవు రోజుల్లో కళ్లారా చూస్తున్నాను కాబట్టి చెప్తున్నాను.

అబ్బాయి రాగానే అత్తగారు అరుగు మీద పాత దుప్పటి పరుస్తారు. సంచులన్నీ దాని మీద బోర్లించాలి. ఆవిడ కుర్చీ వేసుక్కూర్చుని ఒక్కొక్కటీ చేతిలోకి తీసుకుని, అటూ ఇటూ తిప్పి, "కందిపప్పు కేజీ... ఉంది. మినపగుళ్లు... ఏరా అబ్బాయ్, ఇవి కిందటిసారి కంటే సన్నంగా ఉన్నాయేంటి?" అంటూ మొదలెడతారు. వాడు "మామ్మగారూ, ఇంకా చాలా ఇళ్లున్నాయండీ" అంటాడు. "ఎండన పడొచ్చావు, ముందు మజ్జిగ తాగు" అని గ్లాసు చేతిలో పెడతారు. తాగాలో, విసుక్కోవాలో తెలీక వాడు మెట్టు మీద నిలబడి ఉంటాడు, పాపం.

ఇంత తనిఖీ జరిగాక కూడా పెరుగు డబ్బా రాదు. రాలేదని తెలిసేది రాత్రి అన్నాల దగ్గర. ఆవిడ చూసేది వచ్చినవాటిని కదా. రానిదేదో తెలియాలంటే బిల్లు పట్టుకుని సరిచూడాలి. ఆ బిల్లేమో పేర్లన్నీ ఇంగ్లీషు పొడి అక్షరాల్లో ఉండి, సగం నాకే అర్థం కావు. ఈలోగా పనీరూ, దోసెల పిండీ, పిల్లలకి తెప్పించిన ఐస్‌క్రీమూ ఆ దుప్పటి మీదే ఎండకి ఎండుతుంటాయి.

మినపగుళ్ల దగ్గర అంత పట్టుపట్టే మనిషి, నేను రాసిన టీపొడికి బదులు ఇంకో కంపెనీది వస్తే మాత్రం "పోనీలే, తెచ్చినవాణ్ణి మళ్లీ మోసుకెళ్లమంటామా" అని తీసేసుకుంటారు. డబ్బులు నోట్లే ఇస్తారు. అబ్బాయి దగ్గర చిల్లర ఉండదు, చాక్లెట్లు ఇచ్చిపోతాడు. మా ఫ్రిజ్ తలుపులో ఆ చాక్లెట్లకి ఒక అర ప్రత్యేకంగా ఉంది.

ఇంతకీ నేను అడిగేది ఏంటంటే, అబ్బాయి ఉండగా తప్పనిసరిగా చూడాల్సినవి ఏవి? వాడు వెళ్లాక తీరిగ్గా చూసుకుని ఫోన్ చేస్తే షాపువాళ్లు ఒప్పుకుంటారా? బియ్యం బస్తా లోపల పెట్టమని అడగొచ్చా, లేక వాళ్ల డ్యూటీ గుమ్మం దాకానేనా? అత్తగారి మనసు నొప్పించకుండా ఈ పద్ధతి ఎలా మార్చాలో కూడా చెబితే సంతోషం. "మీరే వెళ్లి తెచ్చుకోండి" అనే సలహా మాత్రం వద్దండీ. ఆ టైమే ఉంటే ఇక్కడ ఎందుకు అడుగుతాను?


పాలకొల్లు, పాత ప్యాకింగ్ మనిషి:

ఆయ్, మీ ప్రశ్న నా కోసమే అడిగినట్టుందండీ మేడం గారూ. పాలకొల్లులో ఒక సూపర్ మార్కెట్లో ముందు ప్యాకింగ్‌లో, తర్వాత డెలివరీ బండి మీద చేశాను. ఇప్పుడు సొంతంగా కొబ్బరి వ్యాపారం చూసుకుంటున్నాను కాబట్టి మొహమాటం లేకుండా చెప్తాను.

మీ సంచిలో ఏముందో ఆ కుర్రాడికి తెలియదండీ. లిస్టు చూసి ర్యాకుల్లోంచి సరుకు తీసేది ఒకరు, బిల్లు కొట్టేది ఒకరు, సంచుల్లో సర్దేది ఇంకొకరు. వాడి చేతికొచ్చేసరికి సంచి మూతి ముడేసి ఉంటుంది. మినపగుళ్లు సన్నంగా ఉన్నాయని వాణ్ణి నిలదీస్తే వాడేం చెప్తాడు?

అసలు సంగతి ఇప్పుడు చెప్తాను. సరుకు ఎక్కడ తప్పిపోతుందో తెలిస్తే మీ పని సగం అయిపోయినట్టే. ర్యాకుల్లోంచి తీసిన పప్పులూ ఉప్పులూ తప్పిపోవడం చాలా అరుదు. అవి ఒకే బుట్టలో పడి, ఒకేసారి బిల్లయి, ఒకేసారి సంచిలోకి వెళ్తాయి. తప్పిపోయేవి వేరే చోట్లవి. ముందుగా ఫ్రిజ్ సరుకు. పెరుగు, వెన్న, పనీరు, పిండి బిల్లు కొట్టాక చల్లదనం పోకూడదని మళ్లీ ఫ్రిజ్‌లోనే పెడతారు, బండి కదిలేటప్పుడు వేద్దామని. బండి కదులుతుంది, పెరుగు ఫ్రిజ్‌లోనే ఉంటుంది. మీ పెరుగు డబ్బా కథ అదే అయి ఉంటుంది. తర్వాత, క్యాష్ కౌంటర్ వెనకాల ఉంచే ఖరీదైన చిన్నవి: బ్లేడ్లు, నెయ్యి సీసాలు, జీడిపప్పు లాంటివి. వాటిని క్యాషియరే అందించాలి, రద్దీలో మర్చిపోతాడు. ఇక సంచిలో పట్టనివి: చీపురు, తుడుపు కర్ర, బకెట్టు. వీటిని గోడకి ఆనిస్తారు. ఆనించినచోటే ఉండిపోతాయి.

కాబట్టి మామ్మగారు అడగాల్సింది మూడే మాటలు: చల్లవి వచ్చాయా, చిన్నవి వచ్చాయా, పొడుగువి వచ్చాయా. ఆ మూడూ వచ్చాయంటే పప్పులు ఎలాగూ వచ్చుంటాయి.

ఇక అబ్బాయి ఉండగా చేత్తో పట్టుకుని చూడాల్సినవి. గుడ్ల ట్రే ముందు చూడండి. పైనుంచి చూస్తే ఏమీ తెలియదు. ఒక్కో గుడ్డునీ చూపుడు వేలితో కొద్దిగా తిప్పాలి. బాగున్న గుడ్డు గుంటలో తేలిగ్గా తిరుగుతుంది. అడుగున చిట్లిన గుడ్డు అయితే సొన కారి అట్టకి అతుక్కుంటుంది, కదలదు. ముప్ఫై గుడ్ల ట్రే ఇలా చూడ్డానికి నిమిషం కూడా పట్టదు. నూనె ప్యాకెట్ని రెండు చేతుల మధ్య పెట్టి మెల్లగా ఒత్తి, పైనా కిందా అతికించిన అంచుల మీద వేలు పెట్టి చూడండి. జిడ్డు తగిలిందంటే కారుతున్నట్టే. ఒక్క నూనె ప్యాకెట్ కారితే ఆ సంచిలో ఉన్న రవ్వా, సబ్బులూ అన్నీ పాడవుతాయి. అందుకే నూనె వేరే సంచిలో పెట్టమని లిస్టు కిందే రాయండి. గాజు సీసాలు కదిపి చూస్తే చాలు.

దోసెల పిండి ప్యాకెట్ కాస్త ఉబ్బితే గాభరా పడకండి, పులిసేటప్పుడు గాలి పుడుతుంది. బిగుసుకుపోయి డప్పులా మోగుతుంటే మాత్రం తీసుకోవద్దు. ఐస్‌క్రీమ్ డబ్బాని పక్కల నొక్కి చూడండి, మెత్తగా లోపలికి పోతే వెనక్కి పంపండి. తర్వాత మూత తీసినప్పుడు ఐస్‌క్రీమ్ అంతా ఒక పక్కకి జారి గడ్డకట్టి ఉందంటే, దారిలోనో షాపులోనో ఒకసారి కరిగి మళ్లీ గట్టిపడిందని లెక్క. అప్పుడు ఫోటో తీసి పెట్టండి, మంచి షాపు అయితే నోరెత్తకుండా మారుస్తుంది. ఫ్రీజర్ సరుకు మైనస్ 18 డిగ్రీల్లో ఉండాలి. ఎక్సెల్ బండి ముందు పెట్టిన గోనె సంచిలో మే నెల మధ్యాహ్నం అది ఎంతసేపు ఉంటుందో మీరే ఆలోచించండి. అందుకే ఎండాకాలంలో ఐస్‌క్రీమ్ పొద్దున్న బండికో సాయంత్రం బండికో చెప్పుకోండి. నన్నడిగితే అసలు చెప్పొద్దంటాను, వీధి చివర కొనుక్కోవడం మేలు.

పాలు, పనీరు, చేప, మాంసం రెండు గంటలకి మించి బయట ఉండకూడదంటారు. 32 డిగ్రీలు దాటిన ఎండలో అయితే గంటే. మన ఊళ్లలో మార్చి నుంచి జూన్ దాకా ఆ గంట లెక్కే పెట్టుకోవాలి. కాబట్టి దుప్పటి సంగతి తర్వాత, చల్ల సంచి ముందు ఫ్రిజ్‌లోకి వెళ్లాలి. అబ్బాయి ఆగాల్సి వచ్చినా ఆగనివ్వండి, అది రెండు నిమిషాల పని. పప్పులు లెక్కపెడుతూ వాణ్ణి ఆపితే మాత్రం, బండి మీద ఉన్న పక్క వీధివాళ్ల పాలు విరుగుతాయి.

అన్నిటికంటే పెద్ద మార్పు మీ చేతిలో ఉంది మేడం. బిల్లు కొట్టగానే, సంచి కట్టకముందే దాని ఫోటో వాట్సాప్‌లో పెట్టమని షాపుకి చెప్పండి. ఇంటర్వెల్లోనో లంచ్‌లోనో మీ లిస్టుతో సరిచూసుకోండి. టీపొడి మారితే అప్పుడే "ఇది వద్దు, అది లేకపోతే ఏదీ వద్దు" అని చెప్పేయొచ్చు. మొహమాటపడే అవసరం మామ్మగారికి రాదు. అదే బిల్లు మీద సంచులు ఎన్నో పెన్నుతో రాయమనండి: మూడు సంచులు, ఒక ట్రే, ఒక బస్తా అని. గుమ్మం దగ్గర ఆవిడ ఆ లెక్క చూసుకుంటే చాలు. ఆ బిల్లు కాగితం మీద అక్షరాలు కొన్నాళ్లకి వెలిసిపోతాయి, పొయ్యి దగ్గర పెడితే కాగితమే నల్లబడిపోతుంది. ఫోటోనే మీకు ఆధారం.

ఏదైనా వెనక్కి పంపితే అబ్బాయి దగ్గరున్న బిల్లు మీద ఆ వస్తువు పేరు కొట్టేసి, "వాపసు" అని రాసి, వాడి సంతకం పెట్టించుకోండి. "రేపు తెస్తాంలెండి" అనే మాట గాల్లో కలిసిపోతుంది. మోసం చేద్దామని కాదండీ, వాడు సాయంత్రం షాపుకెళ్లేసరికి ఏ ఇంట్లో ఏం తీసుకున్నాడో వాడికే గుర్తుండదు.

బస్తా లోపల పెట్టమని అడగొచ్చు. కానీ ఆర్డర్లోనే రాయండి, "ఇంట్లో పెద్దావిడ ఒక్కరే, బస్తా వంటింటి గడప దాకా తేవాలి" అని. కొన్ని షాపులు కుర్రాళ్లని ఇంట్లోకి అడుగు పెట్టొద్దంటాయి, ఏదైనా పోతే మాట పడాల్సి వస్తుందని. షాపు నుంచే ముందు మాట ఉంటే వాడికీ ధైర్యం. గుమ్మంలో ఒక ఎత్తు స్టూలో బల్లో వేయించండి. సంచులు నేల మీద పెడితే ఆవిడ వంగలేరు.

మామ్మగారిని తనిఖీ మానేయమని మాత్రం అనకండి. గుడ్ల ట్రే, నూనె ప్యాకెట్లు, సంచుల లెక్క ఆవిడకి అప్పజెప్పండి. మజ్జిగ ఆపొద్దు. ఆ ఎండలో మాకు మంచినీళ్లు అడిగి ఇచ్చేవాళ్లే తక్కువ.


ద్రాక్షారామం దగ్గర పల్లెటూరు:

ఫోన్లో "గేటు దగ్గర పెట్టేసి వెళ్లు బాబూ" అని మాత్రం ఎప్పుడూ అనకండి. మా వీధిలో కోతులకి డెలివరీ టైమింగులు మనకంటే బాగా తెలుసు. బ్రెడ్డూ, అరటిపళ్లూ, బిస్కెట్లూ అవి తీసుకుని, సబ్బులు మనకి వదిలేస్తాయి. బిల్లు కూడా వదిలేస్తాయి, కట్టాలి కదా.


రిటైర్డ్ తూనికలాయన:

అమ్మా, తూనికలు కొలతల శాఖలో పనిచేసి రిటైరయ్యాను. పైన పాలకొల్లు అబ్బాయి చెప్పినవి అనుభవం మీద చెప్పిన మాటలు, వాటికి తిరుగులేదు. "తర్వాత ఫోన్ చేస్తే ఒప్పుకుంటారా" అని అడిగావు కాబట్టి చట్టం సంగతి నేను చెప్తాను.

చాలా బిల్లుల కింద "అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు" అని అచ్చేసి ఉంటుంది. పాడైన సరుకు విషయంలో ఆ ముక్క చెల్లదు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం, లోపం ఉన్న వస్తువుని బిల్లులో రాసిన గడువులోపు, గడువేమీ రాయకపోతే 30 రోజుల్లోపు, వెనక్కి తీసుకుని డబ్బు తిరిగి ఇవ్వాలి. ఇవ్వకపోతే అది అనుచిత వ్యాపారం కిందికి వస్తుంది. బిల్లు ఇవ్వకపోవడం కూడా అదే కోవ. నచ్చకపోతే మార్చాలని మాత్రం చట్టం అనదు. మీ అత్తగారికి మినపగుళ్లు సన్నంగా కనబడటం లోపం కాదు, పురుగు ఉండటం లోపం. పరువు కోసం అయినా చాలా షాపులు వినేస్తాయి. వినకపోతే 1915 నంబరుకి చేయి, జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్. తెలుగులోనే మాట్లాడొచ్చు.

ప్యాకెట్ మీద ఎమ్మార్పీ కంటే ఒక్క రూపాయి ఎక్కువ వేయకూడదు. ఇంటికి తెచ్చినందుకు డెలివరీ చార్జీ తీసుకుంటే అది ముందే చెప్పి, బిల్లులో విడిగా చూపించాలి. ప్యాకెట్ ధరలో కలిపేయడం కుదరదు. చిల్లర బదులు చాక్లెట్లు తీసుకోవాల్సిన పని నీకు లేదు, వద్దని చెప్పి ఆ రూపాయలు వచ్చే బిల్లులో తగ్గించమను.

తూకం గురించి ఒక్కమాట. నా సర్వీసులో ఎక్కువగా విన్న ఫిర్యాదు "లీటరు నూనె ప్యాకెట్ తూస్తే కేజీ లేదు" అని. ఉండదమ్మా. నూనె నీటి కంటే తేలిక, లీటరు నూనె సుమారు 910 గ్రాములే తూగుతుంది. ప్యాకెట్ మీద ఆ అంకె కూడా వేస్తారు, చూడు. అయితే ఈమధ్య లీటరు ప్యాకెట్ పక్కనే అచ్చం దానిలాగే ఉండే చిన్న సైజులు కూడా పెడుతున్నారు. లిస్టులో "లీటరు" అని రాసినప్పుడు వచ్చింది లీటరేనా కాదా అన్నది ప్యాకెట్ మీద చదివి చూసుకోవాలి. ధర చూసి పొంగిపోకూడదు. కేజీ పప్పు ప్యాకెట్లో 15 గ్రాముల దాకా తేడాని చట్టమే అనుమతిస్తుంది, ప్యాకింగ్ యంత్రాల లెక్క అది. ఇంట్లో ఉన్న స్ప్రింగు కాటా మీద తూచి తగవు పెట్టుకోవద్దు, ఆ కాటాకే అంతకంటే ఎక్కువ తేడా ఉంటుంది.

బియ్యం బస్తా 26 కేజీలు ఎందుకుంటుందో ఎప్పుడైనా ఆలోచించావా? 2022 జులై నుంచి 25 కేజీల దాకా ఉన్న ప్యాక్ చేసిన బియ్యానికి జీఎస్టీ పడింది. ఆ గీత దాటడానికి మిల్లులవాళ్లు ఒక కేజీ పెంచారు. ఆ కేజీ బరువు మోసేది మాత్రం డెలివరీ కుర్రాడే. మన డెల్టాలో ఇంట్లో సొంత బియ్యం ఉన్నవాళ్లకి ఈ గొడవ లేదనుకో.

చివరగా తేదీలు. ఆన్‌లైన్లో ఆహారం అమ్మే సంస్థలకి 2024 నవంబరులో ఎఫ్ఎస్ఎస్ఏఐ, అంటే దేశ ఆహార భద్రతా సంస్థ, ఒక మాట చెప్పింది: సరుకు ఇంటికి చేరేసరికి దాని గడువులో కనీసం 30 శాతమో, లేదా 45 రోజులో మిగిలి ఉండాలని. వీధిలోని సూపర్ మార్కెట్‌కి ఫోన్లో చెప్పి తెప్పించుకున్నా ఆ కొలత మనం అడగడంలో తప్పులేదు. అన్ని ప్యాకెట్ల తేదీలూ చూడక్కర్లేదు. బ్రెడ్డు, పాల సరుకు, "ఒకటి కొంటే ఒకటి ఉచితం" అని వచ్చినవి చూడు. ఉచితంగా వచ్చినవాటి తేదీ ముందు చూడు.


భీమవరం బ్యాంకు ఉద్యోగి:

అత్తగారు నగదు ఇస్తున్నారంటే ఒక రకంగా మంచిదే. ఆవిడ ఒక్కరే ఉండే ఇంటికి ఇది తప్పక చెప్పాలి. "మీ డెలివరీ ఆగిపోయింది, ఓటీపీ చెప్తే మళ్లీ పంపిస్తాం" అని ఎవరైనా ఫోన్ చేస్తే పెట్టేయమనండి. డెలివరీ ఓటీపీ అనేది సంచి చేతికొచ్చాక, ఎదురుగా నిలబడ్డ మనిషికి చెప్పేది. ఫోన్లో అడిగినవాళ్లకి చెప్పేది కాదు. యూపీఐ పిన్ డబ్బు పంపడానికే, రావడానికి పిన్ కొట్టాల్సిన పని ఎప్పుడూ ఉండదు. రీఫండ్ పేరుతో పిన్ అడిగితే అది మోసమే. డబ్బు పోయిందని తెలిసిన నిమిషంలోనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి చేయాలి, ఆలస్యమైన కొద్దీ ఆ డబ్బు చేతులు మారిపోతుంది.

మీరు స్కూలు నుంచే యూపీఐ చేస్తానంటే షాపు పేరు మీద ఉన్న ఖాతాకే చేయండి. కుర్రాడి సొంత నంబరుకి వద్దు. కుర్రాడు మంచివాడే కావచ్చు, సాయంత్రం షాపు లెక్కల్లో మీ డబ్బు కనబడకపోతే ఇద్దరికీ టెన్షన్. నగదే అయితే బిల్లు ఫోటో వచ్చాక మొత్తం ఎంతో ఇంటికి ఫోన్ చేసి చెప్పండి, ఆవిడ సరిపడా డబ్బు తీసి కవర్లో సిద్ధంగా పెట్టుకుంటారు. పది, ఇరవై నోట్లు నెలకోసారి బ్యాంకులో మార్చి ఇస్తే చాక్లెట్ల అర ఖాళీ అవుతుంది.


గోదావరి లంకలో ఉంటున్న మనిషి:

మీకు గుమ్మం దాకా వస్తున్నాయి, అదృష్టవంతులు. మాకు గట్టు దాకానే. బండి కాలవ గట్టు మీద ఆగుతుంది, అక్కడ ఒక కిరాణా కొట్టు ఉంది, సంచులు ఆయన దగ్గర పెట్టి పోతారు. పొలం నుంచి వచ్చేటప్పుడు తెచ్చుకుంటాం. ఆయన మా సరుకులు ఊరికే దాచిపెడుతున్నాడు కదాని ఉప్పూ, పచ్చిమిరపకాయలూ, అగ్గిపెట్టెలూ ఆయన దగ్గరే కొంటాం. అలా కొనకపోతే బాగోదు. నిజానికి ఆయన వ్యాపారానికి గండి కొట్టే సరుకునే ఆయన చేత కాపలా కాయిస్తున్నాం, ఆయనా ఎప్పుడూ ఏమీ అనలేదు.

మీది అమలాపురం కాబట్టి వరద గోల మీకు అంతగా ఉండదు గానీ, చుట్టాలు లంకల్లో ఉంటే ఇది చెప్పండి. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర 11.75 అడుగులకి మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. మొదటిది రాగానే మేము పాలపొడి, నూనె, కొవ్వొత్తులు, మందులు తెచ్చేసుకుంటాం. రెండోది దాటాక ఏ షాపు కుర్రాణ్ణీ రమ్మనకూడదు. అప్పటికి కాజ్‌వేల మీదకి నీళ్లొస్తాయి, డబ్బు కోసం వాడు వస్తానన్నా మనం వద్దనాలి. 2022 జులై వరదప్పుడు కనకాయలంక కాజ్‌వే లాంటివన్నీ మునిగి, పడవలే దిక్కయ్యాయి. ఆ రోజుల్లో ఫ్రిజ్ సరుకు తెప్పించుకోవడం కూడా దండగ, కరెంటు ఉంటుందో లేదో తెలియదు.

వర్షాకాలంలో ఇంకోటి. అట్ట పెట్టెలు తడిగా వస్తే లోపలికి తీసుకెళ్లకండి. గుమ్మంలోనే విప్పి, సరుకు తీసుకుని, పెట్టె బయటే ఉంచండి. చెమ్మ అట్టలో బొద్దింకలు, వాటి గుడ్లు వచ్చేస్తాయి. ఉప్పూ, పంచదారా, రవ్వా వచ్చిన రోజే డబ్బాల్లో పోసి మూత బిగించాలి.


అమలాపురం టీచర్:

అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలండీ. ఫ్రిజ్ సరుకు, కౌంటర్ సరుకు, గోడకి ఆనించిన సరుకు అన్నది చదవగానే మా ఇంట్లో ఇదివరకు రానివన్నీ గుర్తొచ్చాయి. పెరుగు, నెయ్యి, ఒకసారి బొంత చీపురు. ఒక్కటి కూడా పప్పు కాదు!

షాపు ఓనర్‌తో మాట్లాడాను. బిల్లు ఫోటో పెడతామన్నారు, కానీ రద్దీ రోజుల్లో మర్చిపోతే మీరే ఒక మిస్డ్ కాల్ ఇవ్వండి అన్నారు. బస్తా వంటింటి గడప దాకా తేవడానికి ఒప్పుకున్నారు. ఇంగ్లీషు పొడి అక్షరాల బిల్లు మార్చడం మాత్రం వాళ్ల చేతిలో లేదట, కంప్యూటర్లో పేర్లు అలాగే ఎక్కించి ఉన్నాయట.

అత్తగారికి పాలకొల్లు ఆయన రాసింది చదివి వినిపించాను. గుడ్లు వేలితో తిప్పడం ఆవిడకి బాగా నచ్చింది. ఫ్రిజ్ సంచి ముందు లోపల పెట్టడానికీ సరేనన్నారు. మినపగుళ్లు, కందిపప్పు విషయంలో మాత్రం "వాడు వెళ్లిపోయాక పుచ్చులు కనబడితే ఎవరికి చూపిస్తావే?" అంటున్నారు. ఆవిడ ప్రశ్నలో న్యాయం ఉంది కదా?


పాలకొల్లు, పాత ప్యాకింగ్ మనిషి:

ఉందండీ. మామ్మగారికి ఇలా చెప్పండి. కంపెనీ సీలు వేసిన ప్యాకెట్ అయితే విప్పకుండానే వెలుతురుకి ఎదురుగా పట్టుకుని అడుగు భాగం చూడాలి. పురుగు పడితే సన్నటి పొడి కిందికి దిగి కనబడుతుంది. పప్పు గింజలు గూళ్లుగా ఒకదానికొకటి అంటుకుని ఉన్నా అనుమానించాల్సిందే. ఇది అబ్బాయి మజ్జిగ తాగే లోపు అయిపోతుంది. షాపువాళ్లే తూచి కట్టిన లూజు పప్పు అయితే దాన్ని మాత్రం విప్పి గుప్పెడు పళ్లెంలో పోసి చూడొచ్చు. పుచ్చులు ఉండేది ఎక్కువగా వాటిలోనే. వాడు వెళ్లాక కనబడినా ఆ సాయంత్రం లోపు ఫోటో పెట్టండి. సరుకు డబ్బాలో పోయకుండా ఆ కవర్లోనే ఉంచండి. డబ్బాలో పోశాక "మీ ఇంట్లోనే పట్టాయి" అంటారు, అక్కడ మీరేం మాట్లాడలేరు.

ఇంకొకటి చెప్పడం మర్చిపోయాను. మీ షాపువాళ్ల బండి పన్నెండుకి వస్తోందంటే పదకొండున్నరకి అటూ ఇటూగా కదులుతుంది. లిస్టు ముందు రోజు రాత్రే పెట్టేయండి, పొద్దున్నే ఖాళీగా ఉన్నప్పుడు తీస్తారు. పదకొండింటికి వచ్చిన లిస్టు అందరికంటే ఆఖర్న, పరుగుల మీద కడతారు. చీపుర్లు గోడకి ఉండిపోయేది ఆ పరుగులోనేనండి.